గొలుసుకట్టు క్లాసు

పైవాటా, రంగుల గది
బడి తెరిచిన రెండో వారం

బావమరిది టకటకకి,

మీ అక్క కులాసా. నేనూ కులాసా. నీ బావ మేష్టారయ్యాడు. నవ్వుతావని తెలుసు, అయినా నవ్వకు.

మా వీధి చివరి బడికి పేరు బోర్డు కొత్తగా రాయమని పిలిచారు. పేరు కింద ఒక వరస గొలుసుకట్టులో రాశాను. బ్రష్షు ఎత్తకుండా, ఒక అక్షరం కొసకి ఇంకో అక్షరాన్ని తగిలించుకుంటూ, గొలుసు లింకుల్లాగా ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే ఊపు. నాకు పని నేర్పిన మా మేస్త్రి చేతి వాటం. నిచ్చెన దిగేసరికి ప్రిన్సిపాల్ మేడమ్ కింద నిలబడి ఉంది. "ఇది మా ఐదో తరగతికి నేర్పుతారా?" అంది. ఆ పిల్లలు హోంవర్కు కూడా టాబ్లెట్ మీద కొట్టి పంపుతారట. చేత్తో నాలుగు ముక్కలు రాయమంటే చెయ్యి నొప్పంటారట. బుధవారం ఒక గంట, శనివారం ఒక గంట ఇచ్చింది. తల్లిదండ్రుల మీటింగు దాకా చూస్తుంది. పిల్లలకి పట్టుబడితే క్లాసు ఉంటుంది. లేదంటే ఆ గంటలు కంప్యూటర్ గదికి పోతాయి.

ఫ్లెక్సు బోర్డులొచ్చాక నన్ను పిలిచినవాడు లేడని నీకు తెలుసు. మూడేళ్లయింది బ్రష్షు తడిపి. ఇన్నాళ్లకి ఒక మనిషి నా చెయ్యి పనికొస్తుందంది. ఈ క్లాసు పోనివ్వను.

మొదటి రోజే తల తిరిగిపోయింది. ఇరవై ఆరుగురు. పెన్నుని స్క్రూడ్రైవర్ పట్టుకున్నట్టు పడతారు. బొటనవేళ్లు మాత్రం పహిల్వాన్లవి. ఒకడు తప్పు రాసి, "తాతా, దీన్ని తీసెయ్యడం ఎలా?" అన్నాడు. తియ్యడం ఉండదు, జాగ్రత్తగా రాయడమే ఉంటుంది అన్నాను. క్లాసంతా నా వంక దొంగని చూసినట్టు చూసింది.

నువ్వు కూడా ఇకనైనా టకటకమనే ఆ టైపు మిషను ముందు నుంచి లేచి చేత్తో ఉత్తరం రాయి. మీ అక్క పక్కన కూచుని నా తప్పులు దిద్దుతోంది. దిద్దుతూ నవ్వుతోంది కూడా. మీ వంశమే అంత.

నీ బావ


స్టేషను వెనక వీధి, రెండో అంతస్తు
నెలాఖరు

బావగారికి నమస్కారాలు.

మేష్టారు గారి ఉత్తరం అందింది. నేను నవ్వలేదు. మా ఆవిడ నవ్వింది, నేను ఆమెని వారించాను. ముప్ఫై ఒక్క ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాడిని, మీకు ఒక సలహా ఇస్తాను. పిల్లల వేళ్లని తిట్టకండి, వీపుల్ని తిట్టండి. వీపు నిటారుగా ఉంటే వేళ్లు వాటంతటవే దారికొస్తాయి. ఇక చేత్తో రాయమంటారా? నా చేతిరాత నేనే చదువుకోలేను. మందులషాపువాడు కూడా చేతులెత్తేశాడు. కాబట్టి మిషనే నాకు గతి.

అమ్మాయి, అల్లుడు బాగున్నారు. మోకాలు మాత్రం మెట్లెక్కనంటోంది.

ఇట్లు,
మీ బావమరిది

____________________

అక్కా, ఈ గీత కిందిది నీకే. ఎప్పటిలాగే పైకి చదవకు.

ఆ పిల్లల కాగితాలు చదువుతున్నదెవరు? బావకి అక్షరం గియ్యడం వచ్చు, మనిషి రాసింది చదవడం రాదు కదా. కళ్లజోడు ఎక్కడో పెట్టానంటూ నలభై ఏళ్లుగా నీ చేతే అన్నీ చదివించుకుంటున్నాడు. ఉత్తరం రాయాలన్నా నువ్వు పక్కన కూచుని ఒక్కో మాటా గుణించి చెప్పాలి. పళ్ల డాక్టరు బోర్డు మర్చిపోయావా? ఆయన చీటీ మీద వైద్యశాల పేరు రాసి, కింద "కొంచెం పెద్దగా, త్వరగా" అని రాసిస్తే, బావ దాన్ని కూడా ఎర్ర రంగులో అందంగా బోర్డెక్కించాడు. పళ్లు పీకే చోట "కొంచెం పెద్దగా, త్వరగా"! అప్పుడు ఊరంతా నవ్వి వదిలేశారు. బడిలో వదలరు. మేడమ్‌కి ఈ సంగతి తెలుసా?


పైవాటా, వంటగది
వానలు మొదలైన వారం

తమ్ముడూ,

ఆయన బడికెళ్లిన గంటలో రాస్తున్నాను. మేడమ్‌కి తెలీదు. ఎవరికీ తెలీదు.

కాగితాలు ఇంటికి తెస్తాడు. బల్ల మీద పరిచి ఒక్కోదాన్నీ తలకిందులుగా తిప్పుతాడు. బోర్డు పనిలో వాళ్ల మేస్త్రి పద్ధతట అది. తలకిందులుగా చూస్తే మాట కనపడదు, గీతే కనపడుతుంది. ఎక్కడ సందు ఎక్కువైంది, ఎక్కడ వంపు విరిగింది అన్నీ బయటపడతాయి. చూసి, మూలన "చాలా బాగుంది" అనో "వంపు విరిగింది" అనో రాసేస్తాడు. ఆ రెండు మాటలూ నేనే నేర్పాను.

"నేను చదివి పెడతానయ్యా" అన్నాను. "ఏం రాశారన్నది వాళ్ల టీచరు చూసుకుంటుంది, ఎలా రాశారన్నది నేను చూస్తాను, నువ్వు తప్పుకో" అన్నాడు. మొగుడివైపా నిజంవైపా అంటే నేనేం చెప్పను? బుధవారాలు ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నాడు తమ్ముడూ. మూడేళ్ల తరవాత. ఆ చొక్కా చూసి నా నోరు పెగలడం లేదు.

గీత కింద రాయడం మాత్రం మానకు. నాకు ఇంకెవరున్నారు చెప్పుకోవడానికి.

మీ అక్క


పైవాటా, రంగుల గది
సంక్రాంతి సెలవులకి ముందు

టకటకా,

నా ఓపిక అయిపోయింది. ఆరు నెలలు! ఇనప కడ్డీ అయినా ఈ పాటికి వంగేది. ఒకడు రెండు అక్షరాలు కలిపి, మూడోది కలపడానికి ముందు కిటికీలోంచి చూస్తాడు. గొలుసులో కిటికీ ఏమిట్రా అన్నాను. ఇంకొకడు మొత్తం విడివిడిగా రాసేసి, తరవాత మధ్యలో గీతలు పెడతాడు, బట్టలు ఆరేసే తీగలాగా. ఒక పిల్ల ఫోనులో నా రాత ఫొటో తీసి, అచ్చు అలాగే రాసే బొత్తాం ఏదో ఉందని నాకు చూపించింది. నా చేతి వంపులు, నా మేస్త్రి కొసలు, ఆ బొత్తాం నొక్కితే బొలబొలా రాలిపోతున్నాయి. "చూశావా తాతా, ఎంత ఈజీనో" అంది. ఫోను కింద పెట్టమని అరిచాను. పక్క క్లాసు టీచరు వచ్చి చూసి వెళ్లింది.

అన్నిటికంటే ఒంటికి కారం రాసినట్టున్నది ఇంకోటి. రెండు జడల పిల్ల ఒకతి ఉంది. తెలివైనది, నోరు పెద్దది. "తాతా, ఇది నేర్చుకుంటే ఏమవుతుంది?" అంది. చెయ్యి బాగుంటుంది అన్నాను. "బాగుంటే?" అంది. కూచోమన్నాను. ఇంటికొచ్చే దారంతా ఆలోచించాను. బాగుంటే ఏమవుతుంది? నాకు బాగుండటమే పని. దాని వెనక ఇంకో పని ఉండాలని నాకెవరూ చెప్పలేదు.

కానీ చెయ్యి మాత్రం ఆ పిల్లదే. మొన్న ఒక పేజీ రాసింది. నాలుగు వరసలు, ఒక్క చోట కలం ఎత్తలేదు. తిప్పి చూశాను. నా మేస్త్రి ఉంటే వీపు తట్టేవాడు. దాన్నే అట్ట మీద అంటించి గోడకి పెట్టాను. శనివారం తల్లిదండ్రుల మీటింగు. తలుపు తియ్యగానే అదే కనపడుతుంది. చూసుకోమను, కంప్యూటర్ గది కావాలన్నవాళ్లని.

నీ బావ


స్టేషను వెనక వీధి, రెండో అంతస్తు
మర్నాటి టపాలో

బావగారికి నమస్కారాలు.

శుభం. గోడకి పెట్టిన పేజీ చూడాలని నాకూ ఉంది. మోకాలు ఒప్పుకుంటే వచ్చేవాడిని. మీటింగులో కొంచెం తగ్గి మాట్లాడండి. తల్లిదండ్రులు పిల్లల్లాగా ఊరుకోరు. ఇక్కడ అందరం క్షేమం.

ఇట్లు,
మీ బావమరిది

____________________

అక్కా, ఆ పేజీలో ఏముందో ఎవరైనా చదివారా? నువ్వు చదివావా? బడికెళ్లి చూడు. కుదరకపోతే శనివారం ఆయన్ని ఏదో వంకతో ఇంట్లోనే ఆపు. జ్వరమని చెప్పు. నిజానికి ఈ పని మొత్తంగా మాన్పించెయ్యి. డెబ్భై మూడేళ్ల మనిషి, పేరున్న మనిషి, పదేళ్ల పిల్లల ముందు చదవడం రానివాడిగా నిలబడటం నేను చూడలేను. నువ్వు ఊ అంటే నేనే మేడమ్‌కి ఒక ముక్క టైపు చేసి పంపుతాను, ఆరోగ్యం బాగా లేదని. ఆయనకి తెలియనక్కరలేదు.


పైవాటా, రంగుల గది
ఆదివారం మొదలుపెట్టి మంగళవారం ముగించింది

నీకు,

ఈ ఉత్తరం మీ అక్క చూడలేదు. దిద్దలేదు. తప్పులుంటే ఉండనీ.

శనివారం మీటింగుకి నలభై మంది వచ్చారు. నేను గోడ పక్కన నిలబడ్డాను. ఒక తండ్రి, కళ్లజోడు పెట్టుకున్నవాడు, పేజీ ముందు ఆగాడు. "అబ్బ, ఎంత చక్కగా ఉందండీ" అన్నాడు. తరవాత పెదాలు కదిలించడం మొదలుపెట్టాడు. తరవాత నవ్వాడు. పక్కాయన ఏమిటంటే పైకి చదివాడు. ఏముందో విను. నాకు మాట మాటా గుర్తుంది.

"ఈ తాత మా రాతలు చదవడు. తలకిందులుగా తిప్పి చూస్తాడు. అందుకని ఏది రాసినా చాలా బాగుంది అంటాడు. ఇవాళ నేను ఏమీ రాయడం లేదు. ఊరికే గొలుసు కడుతున్నాను."

కింద మూలన నా చేత్తో "చాలా బాగుంది."

నవ్వారు. చెడ్డగా నవ్వలేదు, అదే నాకు మరీ మండింది. ఆ పిల్ల వాళ్లమ్మ వెనక దాక్కుంది. మేడమ్ పేజీ తీసి బల్ల సొరుగులో పెట్టింది. తరవాత నన్ను గదిలోకి పిలిచి చాలా మెత్తగా మాట్లాడింది. ఏడాది చివరి దాకా రమ్మంది. పక్కన ఒక టీచరుని కూచోబెడుతుందట, ఆమె చదివి పెడుతుందట. వచ్చే ఏడాది గంటలు మాత్రం కంప్యూటర్ గదికే. తల్లిదండ్రులు చేతులెత్తి చెప్పారట. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇంటికొస్తే మీ అక్క లేదు. గోడ మీది పేజీలో ఏముందో చూద్దామని ఆ బడికే బయల్దేరిందని తరవాత తెలిసింది, నాకు ఎదురు పడకుండా పక్క సందులోంచి. గుమ్మంలో నీ ఉత్తరం పడి ఉంది. ఆమె వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. ఆగలేదు. కళ్లజోడు జేబులోనే ఉంది. అది ఎప్పుడూ జేబులోనే ఉంటుంది, నీకు తెలుసుగా.

వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను. నీ మిషను అక్షరాలు విడివిడిగా నిలబడతాయి, వరస కట్టిన పిల్లల్లాగా. ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది. శుభం అన్న దగ్గర మొదలుపెడితే నీ సంతకం దగ్గరికి వచ్చేసరికి భోజనాల వేళ దాటింది. అప్పుడు గీత కనపడింది. గీత కిందిది నిన్న సాయంత్రానికి అయింది.

ఎన్నాళ్ల నుంచిరా ఈ గీత? మీ అక్క ఇన్నేళ్లు నీ ఉత్తరాల్లో సగమే నాకు చదివిందా? నేను ఊ కొడుతూ విన్నాను. మీరిద్దరూ నా నెత్తి మీదుగా మాట్లాడుకున్నారు, మంచంలో ఉన్న రోగి మీదుగా మాట్లాడుకున్నట్టు. నాకు జ్వరమని చెప్పిస్తావా? నా పరువు నువ్వు కాపాడతావా? నలభై మంది నవ్వు ఒక ఎత్తు, నీ ఆ నాలుగు వరసలు ఒక ఎత్తు.

ఆమెతో మాట్లాడటం లేదు. కంచం ముందు పెడితే తింటున్నాను.

జవాబు రాస్తే నాకు రాయి. నేను చదువుకుంటాను. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు.


స్టేషను వెనక వీధి, రెండో అంతస్తు
శుక్రవారం

బావగారికి,

ఈ ఉత్తరం చిన్న మాటల్లో రాస్తున్నాను. వరసల మధ్య ఎడం కూడా పెట్టాను. మీకు కోపం వస్తే రానివ్వండి.

తప్పు నాది. అక్కది కాదు. గీత నేనే మొదలుపెట్టాను, మీ పెళ్లయిన రెండో ఏడు. మీరు చదవలేరని నాకు అప్పుడే తెలిసింది. చెబితే మీరు చిన్నబోతారనుకున్నాను. చెప్పకపోవడం మర్యాద అనుకున్నాను. తరవాత అలవాటైంది. తరవాత సుఖమైంది. అది నిజం.

మీరు మాట్లాడకపోతే అక్క నాలుగు రోజులకి చిక్కిపోతుంది. ఆమెని క్షమించండి. నన్నేం చేసినా మీ ఇష్టం.

కానీ బావగారూ, నా మాట మారదు. ఆ బడికి మళ్లీ వెళ్లకండి. నా ఇన్‌స్టిట్యూట్ చివరి ఏడాది ఎలా గడిచిందో మీకు చెప్పలేదు. పద్దెనిమిది మిషన్లు, ఒక విద్యార్థి. వాడు కూడా ఏసీ చల్లదనం కోసం వచ్చేవాడు. నేను రోజూ వెళ్లి పద్దెనిమిది మిషన్లూ తుడిచేవాడిని. వాడి ముందు మేష్టారిలా నటించేవాడిని. ఒకరోజు వాడు నా వంక జాలిగా చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నవ్వు పోతుంది బావగారూ, జాలి పోదు. వాళ్లు పక్కన టీచరుని పెడతామన్నది జాలే. ఆ కుర్చీలో కూచోకండి.

మీ బావమరిది


పైవాటా, రంగుల గది
ఏడాది పరీక్షలకి ఆరు వారాల ముందు

టకటకా,

నీ ఉత్తరం ఒక రోజులో చదివాను. మోకాలి గురించి రాయలేదేం?

మీ అక్కతో మాట్లాడాను. ఏం మాట్లాడానో నీకు అనవసరం. ఆమె ఏడ్చింది, నేను అరిచాను, తరవాత టీ తాగాం.

బడికి వెళ్లాను. జాలి సంగతి నాకు నువ్వు చెప్పక్కర్లేదు. టీచరుని వద్దన్నాను. కుర్చీ తీయించేశాను. మేడమ్ సొరుగులోంచి ఆ పేజీ అడిగి తీసుకుని క్లాసులోకి వెళ్లాను. ఇరవై ఆరుగురూ చచ్చినట్టు కూచున్నారు.

"ఇది రాసినవాళ్లు లేవండి" అన్నాను. రెండు జడలు లేచింది. చదవమన్నాను. చదివింది. "నిజమే రాసింది," అన్నాను. "నాకు చదవడం సరిగ్గా రాదు. నాలుగో తరగతిలో బడి మానేసి రంగు డబ్బాలు మోశాను. ఇప్పుడు మీ ముందు నిలబడ్డాను. ఎవరైనా నవ్వాలంటే ఇప్పుడే నవ్వెయ్యండి, తరవాత పని ఉంది."

ఎవరూ నవ్వలేదు. ఒకడికి దగ్గు వచ్చింది.

అప్పుడు అందరి కాగితాలూ కలిపేసి పంచాను. ఎవరిది వాళ్లకి రాకుండా. చేతిలో ఉన్నది పైకి చదవమన్నాను. టకటకా, చదవలేకపోయారు! ఇరవై ఆరుగురిలో ఒక్కరు కూడా పూర్తిగా చదవలేదు. టాబ్లెట్‌లో అచ్చు అక్షరాలకి అలవాటు పడ్డ కళ్లు. పక్కవాడి గొలుసులో చిక్కుకుని దిక్కులు చూశారు. రెండు జడలు తన స్నేహితురాలి కాగితం పట్టుకుని, "ఇదేమిటే, పురుగులు పాకినట్టుంది" అంది. ఆ స్నేహితురాలు ఏడుపు మొహం పెట్టింది. నాకు ఒళ్లు మండింది. వాళ్ల మీద కాదు, నా మీద. అన్ని నెలలు కట్టించాను, కట్టినదాన్ని ఒకరైనా చదవగలరా అని అడగలేదు. నేను చదవను కాబట్టి ఎవరూ చదవరనుకున్నానేమో.

ఇక నుంచి గంటలో సగం రాత, సగం చదువు. నేనూ చదువుతాను, వాళ్ల వరసలో కూచుని. బెంచీ చిన్నది, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి.

పోయిన బుధవారం నా వంతు వచ్చింది. ఒక పిల్లది. ఎప్పుడూ మాట్లాడదు, వెనక బెంచీ. ముప్పావు గంట పట్టింది నాకు. "మా ఇంట్లో కుళాయి కారుతోంది. నాన్న రేపు బాగు చేస్తానంటాడు. బకెట్ నిండితే నేనే లేచి పారబోస్తాను." అంతే ఉంది. చదివి తల ఎత్తాను. వంపులు బాగున్నాయనబోయాను. "వాషరు అరిగిపోయి ఉంటుంది, మీ నాన్నకి చెప్పు, ఐదు నిమిషాల పని" అన్నాను. ఆ పిల్ల నా వంక చూసిన చూపు ఏమిటో నాకు రాయడం రాదు. శనివారం వచ్చి, "మార్చాడు" అంది. ఒక్క మాట. అన్ని నెలల్లో అదే మొదటి మాట.

దాంతో మిగతావాళ్లకి పూనకం వచ్చింది. ఎవరికి తోచింది వాళ్లు రాసి నా సంచీలో కుక్కారు. ఒకడి సైకిలు చైను, ఒకతి చెల్లి పన్ను, ఇంకొకడికి లెక్కల టీచరు అంటే భయం. అన్నిటికీ జవాబు కావాలట. ఆరు వారాలే ఉంది. తరవాత ఆ గది కంప్యూటర్లది, మేడమ్ మాట మారలేదు, నేను అడగనూ లేదు. డెబ్భై మూడేళ్లు ఊరికే పోయాయని ఇప్పుడు కడుపు మండుతోంది. ఒక్కో కాగితానికి ఒక రోజు పోతోంది. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి.

నీకు ఇంతకంటే రాయలేను. బల్ల మీద ఒక పిల్ల కాగితం తెరిచి ఉంది. "మా అమ్మ" అని మొదలవుతుంది. మూడో మాట దగ్గర నిన్నటి నుంచి ఆగిపోయాను. కిటికీ దగ్గర పెట్టి చూశాను, దీపం దగ్గర పెట్టి చూశాను. మీ అక్క ఇటు నుంచి అటు నాలుగు సార్లు తిరిగింది, అడుగుతానేమోనని. అడగను. ఆ పిల్ల అది నాకు రాసింది.

నీ బావ